బిగించాల్సింది ఊడదీశావు, వదలాల్సింది బిగించావు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ 'వారధి' కథ పధ్నాలుగు పేజీలూ చదివాను. నాలుగో పేజీలో తాతయ్య పడుకోబోతూ నోట్లోంచి పళ్ళ బ్రిడ్జి తీసి గ్లాసు నీళ్ళలో వేసుకున్న చోట మాత్రం కాగితాలు పక్కన పెట్టి లేచి వెళ్ళాల్సి వచ్చింది. నాయనా, రాత్రిపూట తీసి నీళ్ళలో వేసుకునేది కట్టుడు పళ్ళ సెట్టు. బ్రిడ్జి చేతికి ఊడిరాదు. ఊడివచ్చిందంటే మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

అదెలా వేస్తారో విను. పోయిన పన్నుకి అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళనీ చుట్టూతా ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీస్తారు. అచ్చు తీసుకుని, మూడు తొడుగులు ఒకే ముక్కగా చేయించి, అరగదీసిన పళ్ళ మీద సిమెంటుతో అతికిస్తారు. మధ్య తొడుగుకి వేరు లేదు, చిగురు మీద ఆనీ ఆననట్టు ఉంటుంది. దాని కిందికి మామూలు బ్రష్షు పోదు, ప్రత్యేకమైన దారం దూర్చి శుభ్రం చేసుకోవాలి. ఎక్కువగా చెడేది మధ్య పన్ను కాదు, దాన్ని మోస్తున్న పళ్ళు. ఒక చివర సిమెంటు వదిలినా రెండో చివర పట్టుకునే ఉంటుంది కాబట్టి పైకి ఏమీ కదలదు. లోపల పన్ను చప్పుడు లేకుండా పుచ్చుతూ ఉంటుంది. లేని తమ్ముడి కోసం అరిగిపోయిన ఇద్దరు మంచి అన్నలు! అన్నదమ్ముల కథ రాస్తున్నవాడివి, ఇంత సరుకు చేతిలో ఉండగా గ్లాసు నీళ్ళతో సరిపెట్టుకున్నావు.

ఏడో పేజీలో సరిగ్గా దీనికి ఎదురు తప్పు. 'నాలుగు మూలలా కదలకుండా బిగించిన వంతెనలా అన్నదమ్ములు ఒక్కటయ్యారు' అన్నావు. అలా నాలుగు మూలలా బిగించేస్తే మన ఎండలకి ఆ వంతెన ఎన్నాళ్ళుంటుంది? రెండు స్తంభాల మధ్య పాతిక మీటర్ల కాంక్రీటు స్పాన్ నలభై డిగ్రీల వేడి తేడాకి దాదాపు 12 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లబడితే మళ్ళీ ముడుచుకుంటుంది. అందుకే మామూలు గడ్డర్ల వంతెనకి దూలాల కింద ఒక చివర కదలనివ్వని ఫిక్స్‌డ్ బేరింగు, రెండో చివర జరగనిచ్చే బేరింగు పెడతారు. చిన్న వంతెనలకైతే ఉక్కు రేకులు పొరలుగా పెట్టిన రబ్బరు పలకలు వేస్తారు, ఆ రబ్బరే వంగి సర్దుకుంటుంది. స్పాన్‌కీ స్పాన్‌కీ మధ్య సందు వదులుతారు. బస్సు వెళ్తుంటే 'టక్ టక్'మని వినిపించేది ఆ ఎక్స్‌పాన్షన్ జాయింటే. మట్టీ కంకరా దాంట్లో నిండిపోతాయి, లేదా కొత్తగా తారు వేసేవాళ్ళు దాని మీదుగా నున్నగా పరిచేస్తారు. అప్పుడు సాగడానికి చోటు లేక గడ్డరు చివర్లు పగుళ్ళిస్తాయి. జాయింటు రబ్బరు చిరిగితే వాన నీళ్ళు కిందికి కారి బేరింగుల్ని తినేస్తాయి. నీ కథలో అన్నదమ్ములు విడిపోవడానికి ఆస్తి తగాదా ఎందుకు? సందులో కంకర చాలు.

నీ కథ గోదావరి దగ్గరే కాబట్టి రాజమండ్రి వెళ్ళి ఆర్చి బ్రిడ్జి చూడు. 1997లో రైళ్ళు మొదలైంది. ఒక్కోటి 97.55 మీటర్ల చొప్పున ఇరవై ఎనిమిది స్పాన్లు. నువ్వు రాసినట్టు అవి 'నదిని కౌగిలించుకున్న చేతులు' కావు, విల్లూ నారీ. పైనున్న ఆర్చి బరువుకి రెండు వైపులా బయటికి తన్నుకుంటుంది. కింద రైలు నడిచే దూలం నారిలా రెండు కొనల్నీ లోపలికి లాగి పట్టుకుంటుంది. ఆ తన్ను స్తంభాల మీద పడదు, వాటి మీద పడేది నిలువు బరువే. నారి లేకపోతే ఆ తోపుడుకి తట్టుకునేలా ఒక్కో స్తంభాన్నీ ఎంత లావుగా కట్టాలో ఊహించుకో. పోటీ వద్దు, వంతెనలు కావాలి అని నీ హీరో మూడుసార్లు ఉపన్యాసం ఇచ్చాడు. ఆ వంతెన నిలబడిందే ఒకదాన్నొకటి లాక్కునే రెండు బలాల పోటీ మీద.

పన్నెండో పేజీలో వయొలిన్ బ్రిడ్జికి జిగురు రాయించావు, కొట్టెయ్. దాన్ని అతికించరు. తీగల బిగువే దాన్ని నిలబెడుతుంది. శ్రుతి చేసే కొద్దీ పైఅంచు బిరడల వైపు వాలుతుంటుంది కాబట్టి రెండు వేళ్ళతో మెల్లిగా నిలువుకి తెచ్చుకోవాలి. తీగలన్నీ ఒకేసారి వదులు చేస్తే అది పడిపోతుంది, లోపలున్న చిన్న పుల్ల కూడా జారవచ్చు. ఇక పేకాట క్లబ్బులో ఆడే బ్రిడ్జి 'మనుషుల మధ్య వంతెన కట్టే ఆట' అన్న శ్లేష కూడా తీసెయ్. 1886లో లండన్‌లో అచ్చయిన చిన్న పుస్తకంలో ఆ ఆట పేరు 'బిరిచ్'. వంతెన ఊసే లేదు.

ఈ 'వారధి' అన్న శీర్షికకి సంపాదకులు నేర్పిన రోగం ఒకటుంది. వాగు మీద వేసేది చప్టా అయినా, కల్వర్టు అయినా వాళ్ళకి వంతెనే, ఇంకాస్త అందంగా ఉండాలంటే వారధే. ఒకాయన నా కథలో చప్టాని వంతెనగా దిద్ది అచ్చేశాడు. చప్టా అంటే వరదొస్తే నీళ్ళు పైనుంచి పారిపోవాలని తక్కువ ఎత్తులో కట్టేది. దాని మీద మోకాలి లోతు నీళ్ళలో నా పాత్ర నడుస్తుంటే, వంతెన మునిగిందంటే ఊరు మిగిలుందా అని పాఠకులు ఉత్తరాలు రాశారు. మొత్తం పొడవు ఆరు మీటర్ల దాకా ఉంటే కల్వర్టు, అరవై దాకా చిన్న వంతెన, ఆపైన పెద్ద వంతెన అని రోడ్ల ఇంజనీర్ల లెక్క. నీ వాగు వెడల్పెంతో ముందు తేల్చుకో.

పోటీ దగ్గర ఇంకా ఘోరం. 'టెండర్లో పోటీ పెరిగి రేటు ఆకాశానికంటింది' అన్నావు. వేలంపాటలో పెరుగుతుంది, టెండర్లో పోటీ పెరిగితే రేటు దిగుతుంది. పది కోట్ల అంచనా పనికి ఐదుగురు నిజంగా పోటీపడితే అంచనా కన్నా తక్కువకి, అంటే లెస్‌కి వేస్తారు, అందరికన్నా తక్కువ వేసినవాడు ఎల్‌1. రేటు అంచనా దాటి ఎక్సెస్‌కి వెళ్ళిందంటే కాంట్రాక్టర్లు రింగయ్యారేమోనని అనుమానించాలి. పని ఎవరికో ముందే మాట్లాడుకుని ఒకడు నాలుగు శాతం ఎక్సెస్ వేస్తాడు, తక్కినవాళ్ళు తోడుగా ఆరు, ఏడు వేస్తారు. కాగితం మీద మూడు టెండర్లు, లోపల ఒకటే. 2002 నాటి కాంపిటీషన్ చట్టం బిడ్ రిగ్గింగ్ అని నిషేధించింది దీన్నే. నీ పెద్దన్న కాంట్రాక్టరు కదా, అతన్ని తోడు టెండరు వేసేవాడిగా మార్చు. ఓడిపోవడానికి డబ్బు తీసుకునే మనిషి! నీ కథకి కావలసినవాడు అతనే.

'వరీ ఊదా ఆరోగ్యకరమైన పోటీలో తలలూపుతున్నాయి' అన్న వాక్యం రాసిన చేత్తోనే, అమ్మ నారుమడిలో ఆకు మొదలు గోటితో విప్పి చూసి ఊద అనే కలుపు గడ్డి పీకే దృశ్యం ఎలా రాశావు? అది బాగుంది. ఆకూ కాడా కలిసే చోట వరికి సన్నటి తెల్ల పొర ఉంటుంది, ఊదకి ఉండదు. ఆ తేడా నీకు తెలుసు. నాట్లు వేశాక మొదటి నెలా నెలన్నర కలుపు తియ్యకపోతే ఎరువూ వెలుతురూ ఊదే లాక్కుంటుందని కూడా తెలిసే ఉంటుంది. మరి అక్కడ ఆరోగ్యం ఎవరికి?

కల్తీ సారా అధ్యాయంలో కూలీకి డాక్టరు సెలైన్ ఎక్కించి ఊరుకున్నాడు. అక్కడ అసలైన పోటీ ఒకటి నీ చేజారింది. సారాలో కలిసిన మిథనాల్‌ని కాలేయంలో ఒక ఎంజైమ్ పట్టుకుని మార్చడం మొదలుపెడితే చివరికి ఫార్మిక్ ఆమ్లం తయారై కళ్ళు పోతాయి. ఫోమెపిజోల్ అనే మందు దొరకనప్పుడు డాక్టర్లు కొలత ప్రకారం మామూలు ఆల్కహాలే ఇస్తారు. ఆ ఎంజైమ్‌కి మిథనాల్ కన్నా ఇదే ఇష్టం, ముందు దీన్ని పట్టుకుంటుంది. ఈలోగా మిథనాల్ మారకుండా ఒంట్లోంచి మెల్లిగా బయటికి పోతుంది, అవసరమైతే డయాలసిస్ చేసి తీసేస్తారు. తాగి పడిపోయినవాడికి డాక్టరు మందు పోస్తుంటే బయట నిలబడ్డ భార్య ముఖం ఎలా ఉంటుందో రాయి.

సంక్రాంతి కథల పోటీకి పంపనా అని అడిగావు. ఎడ్ల బండలాగుడు పోటీ చూశావుగా. పళ్ళని బట్టి విభాగం, విభాగాన్ని బట్టి బండ. ఒక జత లాగి పక్కకి వెళ్ళాకే రెండో జత వస్తుంది, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. ఎదురెదురుగా ఎవరూ కలబడరు. కథల పోటీలో ఆ బండ బరువెంతో మాత్రం జడ్జీలు నీకు చెప్పరు.

కథ ఇదే కవర్లో వెనక్కి పంపుతున్నాను. గళ్ళు గీసినవి తప్పులు. నారుమడి పేజీ పక్కన ఏమీ రాయలేదు, దాన్ని ముట్టుకోకు. ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు, ఆదివారం అయితే ఉండరు.

ఉంటాను.