విండోస్, లినక్స్ పక్కపక్కనే: ముందు మీ ఫైళ్లకు చోటు చూడండి

512 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్ 11 పక్కన లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) వేయాలి, ఎన్ని పార్టిషన్లు (డిస్క్‌లో విడివిడి భాగాలు) చేయాలి, రెండు వైపుల నుంచీ ఒకే ఫైళ్లు ఎలా తెరవాలి అని అడిగారు. హన్మకొండలో మా ఇంట్లో ఇలాగే వాడుతున్నాం కాబట్టి చెప్తున్నా.

2022 మేడారం జాతరలో మా అమ్మ నిలువెత్తు బంగారం మొక్కు తీర్చుకుంది. తక్కెడలో ఒకవైపు అమ్మ, ఇంకోవైపు బెల్లం. ఆ ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీద పెట్టాను. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని షాపుకిస్తే సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేశారు. డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవ్‌లోనే ఉంటుందని నాకప్పుడు తెలియదు. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఫైళ్లకు వేరే పార్టిషనే.

512 అని రాసి ఉన్నా విండోస్‌లో 476 జీబీ అనే కనిపిస్తుంది. అందులో విండోస్‌కు 150, మింట్‌కు 70, మిగతాది మొత్తం డేటాకు ఇవ్వండి. స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటుకు) వేరే పార్టిషన్ అక్కర్లేదు, మింట్ ఫైల్‌గా పెట్టుకుంటుంది. డేటా పార్టిషన్‌ను విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో చేయండి, రెండూ చదువుతాయి, రాస్తాయి.

పని మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. విండోస్‌ను దాని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించండి. అనుకున్నంత కుదరకపోతే హైబర్నేషన్ ఫైల్ (నిద్రలోకి వెళ్లేటప్పుడు విండోస్ తన స్థితిని దాచుకునేది), పేజ్ ఫైల్ (విండోస్ స్వాప్) అడ్డుపడుతుండొచ్చు. హైబర్నేషన్ ఆపితే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. అది ఆగాల్సిందే. లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉండి, డేటా డ్రైవ్ మింట్‌లో చదవడానికే తెరుచుకుంటుంది, ఏదీ సేవ్ కాదు. ఇది తెలియక రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

ఇక ఫోల్డర్లు. లినక్స్ హోమ్ (మీ ఫైళ్లు, సెట్టింగులు ఉండే ఫోల్డర్) మొత్తాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ మీదికి మార్చకండి. ప్రోగ్రాముల సెట్టింగులు, పర్మిషన్లు అక్కడ సరిగా నిలవవు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ లాంటివి మాత్రం మార్చండి. విండోస్‌లో ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి లొకేషన్ ట్యాబ్‌లో మూవ్ నొక్కాలి. వన్‌డ్రైవ్ ఆ ఫోల్డర్లను బ్యాకప్ చేస్తుంటే ముందు ఆపండి. మింట్‌లో హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ (.config) ఫోల్డర్‌లోని యూజర్-డర్స్ (user-dirs.dirs) ఫైల్‌లో ఆ ఫోల్డర్ల దారులు మార్చాలి. అంతకన్నా ముందు డేటా డ్రైవ్ బూట్‌లోనే మౌంట్ అయ్యేలా (మింట్‌కు జతయ్యేలా) ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (/etc/fstab) ఫైల్‌లో యూయూఐడీతో (ఆ పార్టిషన్ గుర్తింపు సంఖ్యతో) ఒక లైన్ రాయండి. లాగిన్ అయ్యేసరికి ఆ ఫోల్డర్ దొరక్కపోతే మింట్ దాన్ని మళ్లీ హోమ్‌కే తిప్పేస్తుంది. నా మొదటి ప్రయత్నం ఇక్కడే చెడింది.

ఫోల్డర్ పేర్లలో సంవత్సరం ముందు పెట్టండి, "2024-02 మేడారం" అన్నట్టు, వరుసగా నిలబడతాయి. తెలుగు పేర్లు రెండింట్లోనూ బాగానే కనిపిస్తాయి. పేరులో కోలన్, ప్రశ్నార్థకం వాడితే మాత్రం విండోస్ ఒప్పుకోదు.

డేటా పార్టిషన్ ఉన్నా ఎస్‌ఎస్‌డీ పోతే అన్నీ పోతాయి. అందుకే ఆదివారం పొద్దున ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేస్తాను. 2024 జాతర ఫొటోలు ఇప్పుడు రెండు చోట్లా ఉన్నాయి. పార్టిషన్లు ముట్టుకునే ముందు మీరూ ఒక కాపీ తీసిపెట్టండి.