యాభై దాటాక దరఖాస్తు పెట్టేటప్పుడు

తమ్ముడూ,

వయసు చూసి పక్కన పెట్టేవాళ్లు ఆ మాట మొహం మీద అనరు. "మీ అనుభవం ఈ పోస్టుకి మరీ ఎక్కువండీ" అంటారు. చాలాసార్లు అదీ ఉండదు, జవాబే రాదు. ఈ వడపోత ఎక్కువగా జరిగేది నిన్ను చూడకముందే, రెజ్యూమె దగ్గర. ముందు దాని పని పట్టు.

"ముప్పై ఏళ్ల అనుభవం" అన్న మొదటి వాక్యం కొట్టెయ్. ఆ చోట ఇటీవల చేసిన పని, దాని ఫలితం అంకెల్లో రాయి. ఉద్యోగాల వివరాలు గత 10–15 ఏళ్లవి చాలు. అంతకుముందువి సంస్థ, హోదా మాత్రం ఒక్కో వరుసలో. డిగ్రీ ఉంచి, సంవత్సరం తీసెయ్. మొత్తం రెండు పేజీలు దాటకూడదు. అలాగని ఇటీవలి ఉద్యోగాల తేదీలు కూడా ఎగరగొట్టావో, మొదటికే మోసం: ఏదో దాస్తున్నాడనుకుంటారు. ఫారంలో పుట్టిన సంవత్సరం తప్పనిసరైతే నిజమే రాయి. అబద్ధం సర్టిఫికెట్లు చూసేటప్పుడు బయటపడుతుంది, చేతికొచ్చిన ఉద్యోగమూ పోతుంది.

పట్టికలు, రెండు కాలమ్‌ల డిజైన్లు వద్దు. దరఖాస్తులు వడగట్టే సాఫ్ట్‌వేర్ వాటిని కలగాపులగంగా చదవొచ్చు. ఆన్‌లైన్ ప్రొఫైల్‌లో పాత తేదీలు అలాగే వదిలేస్తే ఈ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇంటర్వ్యూలో వాళ్ల అనుమానాలు ముఖ్యంగా మూడు: జీతం ఎక్కువ అడుగుతాడు, తనకంటే చిన్నవాడి మాట వినడు, కొత్తది నేర్చుకోడు. పైకి అడగకపోయినా జవాబు నువ్వే అందించు. "నేర్చుకోవడం నాకిష్టం" అంటే ఎవరూ నమ్మరు. ఈ ఏడాది నేర్చుకున్న ఒక సాఫ్ట్‌వేర్ పేరు, దానితో చేసిన పని చెప్పు. నీకంటే చిన్న మేనేజర్ కింద పనిచేసి ఉంటే ఆ సంగతి మాటల్లో రానీ. "మా రోజుల్లో" అన్నది మాత్రం నోట రానీకు.

నీతో పనిచేసిన పాతవాళ్లకి ఫోన్ చెయ్. వాళ్ల సిఫారసుతో వెళ్తే ఆ వడపోత చాలావరకు తప్పుతుంది. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఎవరైనా వయసు గురించి సూటిగా అంటే గొడవపడకు. తేదీ, అన్నవారి పేరు, అన్న మాట అన్నట్టుగా ఆ రోజే రాసిపెట్టుకో. ఉద్యోగ ప్రకటన వాళ్లు తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీసుకో. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధించే 1967 నాటి చట్టం 40 నిండినవాళ్లకి వర్తిస్తుంది. ఫిర్యాదుకి గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. నువ్వున్న చోట గడువెంతో ముందే కనుక్కో. అది దాటాక ఎంత సాక్ష్యమున్నా సాధారణంగా విననే వినరు.

నీ అన్నయ్య