ట్రైలర్‌లో నీళ్ల ట్యాంకు ఎక్కడ?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. చిన్న ట్రైలర్ చేయించి, పైన రూఫ్‌టాప్ టెంటు బిగించి, పిల్లలతో టెక్సస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ పార్కుకి వెళ్లాలని కోరిక. 80 లీటర్ల నీళ్ల ట్యాంకు వెనకవైపు పెడదామంటున్నాడు వెల్డింగ్ చేసే ఆయన. సరేనంటారా?
- ఒక పాఠకుడు

జవాబు: ఒప్పుకోకండి. ట్యాంకు నిండితే నీళ్లే 80 కిలోలు. ఆ బరువంతా ఇరుసుకి వెనక పడితే ముందువైపు కారుకి తగిలించే కొక్కెం తేలికవుతుంది, హైవే మీద వేగం పెరగ్గానే ట్రైలర్ పక్కలకి ఊగడం మొదలవుతుంది. అలా ఊగే బండిని పిల్లలతో నడపడం తలచుకుంటేనే నాకు భయం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండాలి. ట్యాంకుని ఇరుసుకి కాస్త ముందు, వీలైనంత కిందికి పెట్టించండి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడూ, ఖాళీ అయ్యాకా కొక్కెం మీద బరువు తూయించండి.

టెంటు మోసే ఫ్రేము కాళ్లు పైరేకుకి కాదు, కింద ఛాసిస్‌కే, అంటే బండి అడుగు చట్రానికే అతకాలి. టెంటు బరువుకి తోడు రాత్రి మీరంతా పైనే పడుకుంటారు కదా! ఎత్తు మీ భుజం దాటనివ్వకండి, నిద్రమత్తులో పిల్లలు నిచ్చెన దిగాలి. టెంటు తెరుచుకునే పక్క వంటగది వద్దు. టెంటు గుడ్డ కింద స్టవ్ వెలిగిస్తే మంట భయం, పైన పడుకున్నవాళ్లకి విషవాయువు భయం కూడా.

బిగ్ బెండ్‌లో కట్టెల మంట నిషేధం, గ్యాస్ స్టవ్ తీసుకెళ్లండి. ఆ పార్కులోనే ఉన్న చిసోస్ బేసిన్‌కి వెళ్లే దారిలో మెలికలు ఎక్కువ, 20 అడుగులు దాటిన ట్రైలర్లు వద్దంటారు. పొడవు ఇప్పుడే చూసుకోండి.