నీట్ వద్దు, మెదడు గురించి చదువుతానంటోంది... ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. మెదడు మనకు ఎలా చూపిస్తుంది, ఎలా వినిపిస్తుంది అన్నదే చదువుతానంటోంది. పుస్తకం తీయమంటే కాగితం మీద రెండు చుక్కలు పెట్టి అందరికీ చూపిస్తూ కూర్చుంటుంది. మేం నీట్ లాంగ్‌టర్మ్ అనుకుంటున్నాం. సైకాలజీ, కాగ్నిటివ్ సైన్స్ (మెదడు, ఆలోచనల శాస్త్రం)లలో ఏది మేలు? అసలు వీటికి ఉద్యోగాలున్నాయా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, డాక్టర్ కాకపోతే పిల్ల ఏమైపోతుందోనన్నది మీ అసలు భయం. ఏమీ అయిపోదండీ. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి.

ఆ చుక్కలాట మీరూ ఒకసారి ఆడండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ చుక్కనే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెస్తే, ఒక దూరంలో కుడి చుక్క మాయమవుతుంది. కంటి నరం బయటికి వెళ్లే చోట రెటీనాలో (కంటి లోపలి పొరలో) వెలుతురును పట్టే కణాలుండవు. అయినా అక్కడ రంధ్రమేమీ కనిపించదు, తెల్ల కాగితమే కనిపిస్తుంది. ఆ ఖాళీని మెదడే నింపేస్తుంది. ఇలాంటి దాని దగ్గర ఆగి 'ఎందుకు?' అని అడిగే పిల్లను కసురుకుంటారా?

ఇక ఉద్యోగాలు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి లేనివాళ్లకు చెవిలో అమర్చే పరికరం) చేయించుకున్న పిల్లాడినే తీసుకోండి. మెషీన్ ఆన్ చేయగానే శబ్దం అందుతుంది. కానీ అది అమ్మ పిలుపో, కుక్కర్ విజిలో వాడికి తెలియదు. నెలల తరబడి కూర్చోబెట్టి ఆ తేడా నేర్పేది ఆడియాలజిస్టులు (వినికిడి నిపుణులు), స్పీచ్ థెరపిస్టులే. మీ అమ్మాయికి నచ్చిన సబ్జెక్టుతో వాళ్లకు రోజూ పని. ఆ పనికి చదవాల్సిన డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపున్న కాలేజీలోనే చేర్చాలి. మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ దీనికి పెట్టింది పేరు. చూపు మీద ఆసక్తి ఎక్కువైతే ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్షల చదువు) ఉంది.

నాకు అనుమానమున్నది న్యూరోసైన్స్, ఏఐ, కాగ్నిటివ్ అన్నీ పేరులో కలిపి, డిగ్రీకే లక్షలు అడిగే కొత్త కోర్సుల మీద. బ్రోషర్‌లో మెదడు బొమ్మ చూసి ఫీజు కట్టకండి. ల్యాబ్ చూపించమనండి, పాఠం చెప్పేవాళ్లు ఏం పరిశోధన చేశారో అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. కాగ్నిటివ్ సైన్స్ మన దగ్గర ప్రధానంగా పీజీ చదువు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ గాంధీనగర్, అలహాబాద్ యూనివర్సిటీల్లో ఉంది. డిగ్రీలో సైకాలజీ చదివి అటు వెళ్లొచ్చు కాబట్టి, ఇప్పుడే రెంటిలో ఒకటి తేల్చుకోనక్కర్లేదు. స్టాటిస్టిక్స్, కాస్త కోడింగ్ మాత్రం నేర్చుకోవాలి. పరిశోధనలోకైతే పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి, సంపాదన ఆలస్యమవుతుంది.

కోపం తెచ్చుకోకండి గానీ, లాంగ్‌టర్మ్ ఎవరి కోరిక? ఆమె డాక్టర్ అవుతానందని మీరు ఎక్కడా రాయలేదు. మనసు లేని పిల్లను ఏడాదిపాటు హాస్టల్లో పెట్టి ఏం సాధిస్తారు? పరీక్షలయ్యాక ఏదైనా పెద్దాస్పత్రి ఈఎన్‌టీ విభాగంలో అనుమతి అడిగి, ఆమెను ఒక పూట స్పీచ్ థెరపీ గదిలో కూర్చోబెట్టండి. మీరూ వెంట వెళ్లండి.