గాలి లెక్క

పర్లాకిమిడి

చిరంజీవి శైలజకు ఆశీస్సులు.

మన నౌకాదళపు పాత విక్రాంత్ మీద గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే విక్రాంత్ మహానౌక అయిపోయింది, ‘రణరంగమున విహరించెను’ కూడా. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ మాట చదవడానికి నాకే సిగ్గేసిందమ్మా.

అది మహానౌక కాదు. తేలికపాటి విమానవాహక నౌక. 1942లో బ్రిటన్‌కి పెద్దవి కట్టే తీరిక లేదు. మామూలు ఓడలు కట్టే యార్డుల్లోనూ పనైపోయేలా, మందపాటి కవచం లేకుండా ఓ నమూనా గీశారు. మూడేళ్లు నడిస్తే చాలనుకున్నారు. వాటిలో ఒకటైన హెర్క్యులిస్ 1945 సెప్టెంబరులో నీళ్లలోకి దిగేసరికి యుద్ధమే అయిపోయింది. సగంలో ఆగిన ఆ ఓడను 1957లో మనం కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తిచేయించి, 1961లో విక్రాంత్‌గా తెచ్చుకున్నాం. మూడేళ్ల జాతకం 1997 దాకా నడిచింది.

నేనూ ఒకప్పుడు విక్రాంత్ రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిందని రాసేశాను. అచ్చయిన వారానికి, నేవీలో చేసి రిటైరైన ఒకాయన నన్ను బజార్లో ఆపి, “కడుపులో బిడ్డ చేత కుస్తీ పట్టించావేం బాబూ?” అన్నాడు.

అమెరికా వాళ్లు కట్టుబడిలో ఉన్న క్రూయిజర్లనే యుద్ధనౌకల మీదే డెక్కు వేసి తొమ్మిది తేలిక విమానవాహక నౌకలు చేశారు. ఇరుకైనా 31 నాట్ల వేగం, అంటే గంటకు దాదాపు 57 కిలోమీటర్లు. నువ్వు వీటిని ఎస్కార్ట్ క్యారియర్లతో, అంటే సరుకు ఓడలకు కాపలాగా వెళ్లే చిన్న విమానవాహక నౌకలతో కలిపేశావు. అవి 20 నాట్లు దాటడమే కష్టం. మన నౌపడ–గుణుపురం పాత చిన్న రైలుని మెయిలు పక్కన పరిగెత్తించినట్టుంది.

ఇక బాయిలర్. 1971కి విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చింది, మిగతా మూడింటితోనే పాకిస్తాన్‌తో యుద్ధానికి వెళ్లింది. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. బాయిలర్‌కీ విమానానికీ ఏం సంబంధమో చెప్పొద్దూ? అంత పొట్టి డెక్కు మీంచి సీ హాక్ యుద్ధవిమానం లేవాలంటే కాటపుల్ట్, అంటే విమానాన్ని ముందుకు విసిరే యంత్రం, తోస్తే సరిపోదు, ఎదురుగాలి కావాలి. గాలి లేని రోజు గాలిపటం పట్టుకున్న పిల్లాడు పరిగెడతాడే, ఓడా అంతే, గాలికి ఎదురుపోయి దాన్ని తనే పుట్టించుకోవాలి. ఒక బాయిలర్ లేకపోతే ఓడని నడిపే ఆవిరి తగ్గుతుంది, ఆవిరి తగ్గితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే డెక్కు మీద గాలి తగ్గుతుంది, అప్పుడు విమానంలో బాంబులో, ఇంధనమో తగ్గించాలి. పైగా ఆ కాటపుల్ట్ నడిచేదీ ఆవిరితోనే! ఇంత టెన్షన్ మధ్య డిసెంబరు 4న అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి విమానాలు లేచాయి. ఇది చదివాక నీ ‘విహరించెను’ ఎక్కడ నిలబడుతుంది?

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి జాగ్రత్త. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చి విశాఖ దగ్గర మునిగింది, అంతవరకు సరే. ఎలా మునిగిందన్నదానికి మన కథనం వేరు, పాకిస్తాన్ కథనం వేరు. రెండూ రాయి. మనది కదా అని ఒకదాన్నే పట్టుకోకు.

ఈసారి బాయిలర్ దగ్గర మొదలుపెట్టి పంపు. మీ నాన్నగారు వచ్చినప్పుడు రెండు పుస్తకాలు ఇచ్చి పంపుతాను. ఒకదాని అట్ట ఊడిపోయింది, చూసి తిప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు