తోలు ఒరలో తాతగారి దుర్భిణి

ప్రశ్న: మా తాతగారు వేటకు వెళ్లిన రోజుల్లో వాడిన దుర్భిణి, వేటకత్తి వాటి తోలు ఒరలతో సహా చాలా ఏళ్లుగా మా బీరువాలోనే ఉన్నాయి. జనవరిలో మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యంలో సఫారీకి రెండింటినీ తీసుకెళ్లాలని ఉంది. దుర్భిణి అద్దం లోపల సాలెగూడు లాంటి మరక కనిపిస్తోంది, కత్తికి తుప్పు చుక్కలు వచ్చాయి. వీటిని ఎలా కాపాడుకోవాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కత్తిని ఇంట్లోనే ఉంచండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యాల్లోకి, జాతీయ పార్కుల్లోకి ఆయుధంతో ప్రవేశించకూడదు. ఆ చట్టం ఆయుధాల జాబితాలో కత్తి కూడా ఉంది.

రెండు వస్తువులకూ చేటు చేసింది ఆ తోలు ఒరలే. తోలు గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. పచ్చి తోలును పదును చేసినప్పటి లవణాలు, ఆమ్లాలు అందులో మిగిలి ఉండటం వల్ల, ఏళ్ల తరబడి ఆనుకొని ఉన్న ఉక్కు తుప్పు పడుతుంది. తేమ 70 శాతానికి మించి రోజుల తరబడి నిలిచే మన వానకాలంలో అద్దాల మీద బూజు అల్లుకుంటుంది. మీరు చూసిన సాలెగూడు అదే. ఆ బూజు నుంచి వచ్చే ఆమ్లం అద్దం పూతను తినేస్తుంది కాబట్టి ఆలస్యం చేయకుండా, ప్రయాణానికి ముందే దుర్భిణులు బాగుచేసే నిపుణుడికి ఇవ్వండి. దాన్ని మీరు విప్పవద్దు, ఎందుకంటే లోపలి పట్టకాలు (ప్రిజమ్‌లు) వెంట్రుకవాసి కదిలినా రెండు కళ్లకూ బొమ్మ ఒక్కటిగా కనిపించదు.

ఆ తరువాత దుర్భిణిని గాలి చొరని డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్‌తో ఉంచండి. దాని నారింజ రంగు గుళికలు తేమ పట్టి ఆకుపచ్చగా మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. కలరా ఉండలు మాత్రం వేయకండి, వాటి ఆవిరి అద్దాల మీద పొరలా పేరుకుంటుంది. కత్తికి తుప్పు తీసి, కుట్టుమిషను నూనె పలుచగా రాసి, ఒరకు దూరంగా దాచండి.

సఫారీలో అసలు శత్రువు దుమ్ము. పైకప్పు లేని జిప్సీలో లేచే ధూళిలోని ఇసుక రేణువులు అద్దం కన్నా గట్టివి, కాబట్టి కండువాతో తుడిస్తే గీతలు తప్పవు. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో దులిపి, ఆ తరువాతే లెన్సు గుడ్డ వాడండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. తెల్లవారుజామున చలిలో తిరిగి వచ్చాక, గది వెచ్చదనానికి అద్దాలు చెమర్చకుండా దుర్భిణిని కాసేపు మూసిన సంచిలోనే ఉంచండి. పాత తోలు పట్టీ కుట్లు కూడా చూసుకోండి. జిప్సీ కుదుపులకు అది తెగవచ్చు, బదులుగా నైలాన్ పట్టీ వేయించండి.