ఒకే పాట ఒకరికి హార్డ్ రాక్, ఇంకొకరికి హెవీ మెటల్: ఎవరి మాట సరైనది?

ఒకే పాటను మీరు హెవీ మెటల్ అంటున్నారు, మీ తమ్ముడు "కాదు, ఇది హార్డ్ రాకే" అంటున్నాడు, రెండు వారాలైనా తెగడం లేదు, ఎవరిది కరెక్టో చెప్పమని అడిగారు. రెండూ గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్‌తో నడిచే రాక్ సంగీతపు రకాలే. పాట నెమ్మదిగా మొదలై చివర్లో డబుల్ కిక్‌తో, అంటే రెండు కాళ్లతో కొట్టే పెద్ద డ్రమ్ముతో, పరుగెడుతుందని, మీ తమ్ముడు రోజంతా మెటల్‌లో మరీ మోటుగా ఉండే డెత్ మెటల్ వింటాడని కూడా రాశారు. జవాబు సగం ఆ రెండు వివరాల్లోనే ఉంది.

నేను నలుగురం కలిసి పెట్టుకున్న చిన్న బ్యాండులో తొమ్మిదేళ్లు రిథమ్ గిటార్ వాయించాను. ఈ వాదన మా మధ్య రాని నెల లేదు. ఒకసారైతే డ్రమ్మర్‌కీ, పాడే అమ్మాయికీ మాటలు కూడా ఆగిపోయాయి. మేం సొంతంగా కట్టుకున్న పాట మీద వచ్చిన గొడవ అది. అతను మెటల్ అనేవాడు. ఆమె "బ్లూస్ వాసన ఇంతగా కొడుతుంటే మెటల్ ఎలా అవుతుంది?" అనేది. బ్లూస్ అంటే రాక్‌కి పుట్టిల్లయిన అమెరికా నల్లజాతి సంగీతం.

మాటలతో తేలేది కాదని ఒక సాయంత్రం అదే రిఫ్‌ను రెండు రకాలుగా వాయించి చూశాం. రిఫ్ అంటే పాటలో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటార్ ముక్క. మొదటిసారి తీగల్ని మోగినంతసేపు మోగనిచ్చాను. డ్రమ్మర్ తిశ్ర నడకలో, తకిట తకిట అన్నట్టు ఊగుతూ వాయించాడు. రెండోసారి కుడి అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర, అంటే గిటార్ పొట్ట మీద తీగలు ఆనే చోట, తీగల మీద ఆనించి, పిక్‌తో కిందివైపే కొడుతూ పోయాను. అలా కొడితే స్వరం సాగదు, జగ్ జగ్ అని పొట్టిగా, మొద్దుగా తెగిపోతుంది. అతను చతురశ్రంలోకి మారి నా ప్రతి దెబ్బకీ కిక్ డ్రమ్ము కలిపాడు. స్వరాలు అవే, శ్రుతి అదే, వేగం అదే. గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్ మీద ఒక్క బొత్తం కూడా ముట్టుకోలేదు. ఆగగానే పాడే అమ్మాయి "ఇప్పుడు వాయించింది మెటల్. ఇందాకటిది కాదు" అంది. డ్రమ్మర్ ఒప్పుకున్నాడు. నెల రోజుల్లో ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారి.

అప్పటినుంచి ఎవరైనా జానర్ (సంగీత రకం) పేరు చెబితే నేను ముందు గిటారిస్టు కుడి చెయ్యి ఏం చేస్తోందో వింటాను, తర్వాత డ్రమ్స్ నడక. గొంతు, సాహిత్యం, ఆల్బం అట్ట మీద బొమ్మ, వాళ్ల బట్టలు ఆ తర్వాతే. ఇదే నా కొలత. మీ పాటకీ ఇదే వాడతాను.

కానీ ఈ కొలత ప్రతిచోటా నిలబడదు. దీన్ని మొట్టమొదట విరగ్గొట్టేది బ్లాక్ సబ్బాతే. మెటల్‌కి మూలపురుషులు ఎవరంటే అందరూ చూపించేది ఆ బ్యాండునే. కానీ వాళ్ల డ్రమ్మర్ బిల్ వార్డ్ జాజ్ విని పెరిగినవాడు, 1970 నాటి ఆ తొలి ఆల్బంలో అతని వాయింపు ఊగుతూనే ఉంటుంది. నా లెక్క ప్రకారం అందులో సగం పాటలు హార్డ్ రాక్ కావాలి. అలా అనడానికి నాకు నోరు రాదు. ఎందుకంటే గిటారిస్టు టోనీ అయోమీ తెచ్చిన బరువు అంతకుముందు లేదు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి అతని రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, 1971కల్లా కొన్ని పాటలకి గిటార్ శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించేశాడు. వేళ్లకి నొప్పి తగ్గాలని చేసిన పనిని తర్వాతి తరాలు మెటల్ లక్షణంగా పట్టుకున్నాయి.

గీత ఇంత మసకగా ఉండటానికి నాకు కనిపించే అసలు కారణం ముడిసరుకు ఒకటే కావడం. 1964లో కింక్స్ గిటారిస్టు డేవ్ డేవీస్ ఆంప్ స్పీకర్‌ని బ్లేడుతో కోసి ఆ గరగర శబ్దం రాబట్టాడు. ఆ గరగరనే డిస్టార్షన్ అంటారు. అంత డిస్టార్షన్‌లో నిండు కార్డు, అంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి, వాయిస్తే స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని బురదలా వినిపిస్తాయి. అందుకని గాంధారం తీసేసి షడ్జమ పంచమాలే వాయిస్తారు, దాన్నే పవర్ కార్డ్ అంటారు. గాంధారం లేదు కాబట్టి అది మేజరూ కాదు, మైనరూ కాదు. హార్డ్ రాక్, పంక్, గ్రంజ్, మెటల్ అన్నిటికీ ఇదే పునాది. గోడలు వేరైనా పునాది ఒకటే కాబట్టి పాట ఏ ఇంటిదో చెప్పడం కష్టం.

ఇక మీ తమ్ముడి సంగతి. 1970ల మొదట్లో లెడ్ జెప్లిన్, డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బాత్ మూడింటినీ ఒకే గాటన కట్టి హెవీ మెటల్ అనేవారు. 1983లో మెటాలికా, స్లేయర్ తొలి ఆల్బంలు వచ్చాయి, వాటి వెనకే డెత్ మెటల్ వచ్చింది. అవి విన్న చెవికి పాతవి తేలికైపోయాయి. ఇవాళ మొదటి రెండు బ్యాండుల్నీ ఎక్కువమంది హార్డ్ రాక్ అనే అంటున్నారు. పాటలు మారలేదు, పక్కన పెట్టి చూసేవి మారాయి. రోజంతా డెత్ మెటల్ వినేవాడికి మీ పాట మెత్తగా వినిపించడం సహజం. అతనికి వినడం రాదని మాత్రం అనకండి. నేను ఒక స్నేహితుణ్ణి అలాగే అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి చాలా కాలం పట్టింది.

పెద్ద సంస్థలకీ ఇది తెగలేదు. 1989లో అమెరికా సంగీత అవార్డులైన గ్రామీ వాళ్లు హార్డ్ రాక్‌నీ మెటల్‌నీ కలిపి మొదటిసారి ఒక అవార్డు పెట్టారు. మెటాలికాకే వస్తుందని అందరూ అనుకుంటే, వేణువు వాయించే ఇయాన్ ఆండర్సన్ నడిపే జెత్రో టల్‌కి ఇచ్చారు. తీసుకోవడానికి ఆ బ్యాండు అక్కడికి రానే లేదు. మరుసటి ఏడాదికి రెంటినీ విడదీశారు, 2012లో మళ్లీ కలిపారు, 2014లో మళ్లీ విడదీశారు.

బ్యాండునే అడిగితే తేలుతుందా అంటే అదీ లేదు. మోటర్‌హెడ్ బ్యాండు నాయకుడు లెమ్మీ జీవితాంతం తమది రాక్ అండ్ రోల్ అనే చెప్పుకున్నాడు. అదే బ్యాండు 2005లో ఉత్తమ మెటల్ గ్రామీ అందుకుంది, అదీ మెటాలికా పాట ఒకటి తమ పద్ధతిలో వాయించినందుకు. నేను లెమ్మీ మాటకి గౌరవం ఇస్తాను, కానీ వింటున్నది నా చెవి కదా.

ఇంకొకటి. ఈ పట్టుదలలో కొంత మనకి ఫైళ్లు నేర్పింది. పాట పేరు, పాడినవాళ్ల పేరు లాంటివి ఫైల్లోనే రాసుకునే పాత ఎంపీ3 ట్యాగ్ మొత్తం 128 బైట్లు, అందులో జానర్‌కి దక్కింది ఒకే ఒక్క బైటు. 9 అంటే మెటల్, 17 అంటే రాక్, 79 అంటే హార్డ్ రాక్, ఒక అంకెకి ఒకటే పేరు. రెండు పేర్లు రాసే చోటే లేదు. నేను ఒక ఆల్బంలో మూడు పాటలకి 9, మిగిలినవాటికి 17 పెట్టాను. ప్లేయర్ ఆ ఆల్బంని రెండు ముక్కలు చేసి వేర్వేరు చోట్ల చూపించింది. పాటల వరస పోయింది, ఒక పాట చివరి మోతలోంచి తర్వాతి పాట పుట్టే అందం కూడా పోయింది. రాత్రంతా కూర్చుని అన్నిటికీ ఒకే అంకె పెట్టాను. పెట్టిన అంకె తప్పని తెలిసే పెట్టాను.

మీ పాట విషయానికొస్తే, మీరు రాసిన దాన్ని బట్టి మొదటి భాగంలో తీగలు మోగుతూ, డ్రమ్స్ ఊగుతూ ఉంటే అది హార్డ్ రాక్, మీ తమ్ముడి మాటే నిజం. డబుల్ కిక్ మొదలయ్యే చోట గిటార్ కూడా అరచేతి కింద తెగుతూ వినిపిస్తే అక్కడినుంచి మెటల్, మీ మాట నిజం. గిటార్ మోగుతూనే ఉండి కిక్ ఒక్కటే పరుగెడితే మాత్రం నేను తమ్ముడి వైపే ఉంటాను. ఇద్దరూ హెడ్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుని, డ్రమ్స్ మారే చోటికి తిప్పి, ఒక్క నిమిషం గిటార్ మాత్రమే వినండి. ఏం వినిపించిందో ఇక్కడ రాయండి.